పెర్ఫార్మెన్స్ మానిటర్

పెర్ఫార్మెన్స్ మానిటర్ మైక్రోసాఫ్ట్ విండోస్ నిర్వాహక వ్యవస్థతో పాటే వచ్చే ఒక ఉపకరణము. కంప్యూటరులోని ప్రాసెసరు, మెమొరీ, హార్డ్ డిస్కు, నెట్‌వర్కు ఏ సమయంలో ఎంత పని చేస్తున్నవో ఇది అంకెలలోను, గీతలలోను చూపుతుంది. ఆ వివరాలను ఫైలులో భద్రపరచి తరువాత తీరికగా పరిశీలించే సౌకర్యము కూడా కలదు. కంప్యూటరు నెమ్మదించినపుడు కారణము తెలుసుకొనుటకు ఇది ప్రధానమైన ఆధారము. అయితే కొన్నిసార్లు ఈ ఉపకరణమే పాడవుతుంది. గీతలు కదలవు, కొలతల పేర్లు కనిపించవు, లేదా పేర్లకు బదులు అంకెలు వస్తాయి. అంతకంటె చిక్కు కలిగించేది ఇంకొకటి ఉన్నది. ఉపకరణము సరిగానే పనిచేస్తుండగా చూసేవారు దానిని తప్పుగా అర్థము చేసుకొని, డిస్కు చెడిపోతే మెమొరీ కొనడము, దుమ్ము పేరుకుంటే విండోస్ తిరిగి ఎక్కించడము జరుగుతుంటుంది. ఈ వ్యాసము ముఖ్యంగా ఈ రెండు రకాల ఇబ్బందులను, వాటి పరిష్కారాలను వివరిస్తుంది.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరులో టైపు చేయునపుడు వాటిని ఆంగ్ల అక్షరాలలో వ్రాయవలెను.

చరిత్ర

1993 జూలై 27న విడుదలైన విండోస్ ఎన్‌టీ 3.1లో పెర్ఫార్మెన్స్ మానిటర్ మొదటిసారి వచ్చినది. ఎన్‌టీ నిర్మాణానికి నాయకత్వము వహించిన డేవ్ కట్లర్ అంతకు ముందు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనులో వీఎంఎస్ అనే నిర్వాహక వ్యవస్థను రూపొందించినవారిలో ముఖ్యుడు. వీఎంఎస్‌లో కూడా మానిటర్ అనే పేరుతో ఇటువంటి ఉపకరణము ఉండేది. ఎన్‌టీ పనితీరు విషయమై రస్ బ్లేక్ రచించిన ఆప్టిమైజింగ్ విండోస్ ఎన్‌టీ అనే గ్రంథము ఈ ఉపకరణానికి తొలి సమగ్ర వివరణ.

విండోస్ 95, 98లలో సిస్టమ్ మానిటర్ అను పేరుగల చిన్న ఉపకరణము ఉండేది. పేరు దగ్గరగా ఉన్నా అది వేరు. 1996లో వచ్చిన ఎన్‌టీ 4.0లో టాస్క్ మేనేజరు చేరినది. 2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000లో పెర్ఫార్మెన్స్ మానిటరును మైక్రోసాఫ్ట్ మేనేజ్‌మెంట్ కన్సోలులో ఒక భాగముగా మార్చినారు. 2007లో వచ్చిన విస్టాలో దీనికి రిలయబిలిటీ అండ్ పెర్ఫార్మెన్స్ మానిటర్ అని పేరు పెట్టినారు. 2009లోని విండోస్ 7 నుండి మరల పాత పేరే వాడుకలోకి వచ్చినది. రిసోర్స్ మానిటర్ అప్పుడు వేరొక కార్యక్రమముగా విడిపోయినది. విండోస్ 10, 11లలో కూడా రూపము దాదాపు అదే. ముప్పై ఏళ్లలో రంగులు, మెనూలు మారినవి కాని లోపలి యంత్రాంగము పెద్దగా మారలేదు. అందువలననే విండోస్ 2000 నాటి పరిష్కారాలు కొన్ని నేటికీ పనిచేస్తాయి.

పనిచేయు విధానము

దీనిలో కొలతలకు మూడు అంచెలు ఉన్నవి. మొదటిది ఆబ్జెక్టు, అనగా ప్రాసెసరు, మెమొరీ వంటి వస్తువు. రెండవది ఇన్‌స్టన్స్. ఒకే రకపు వస్తువులు అనేకము ఉన్నపుడు వాటిలో ఏదో తెలుపునది ఇది. నాలుగు కోర్ల ప్రాసెసరులో 0, 1, 2, 3 అనే ఇన్‌స్టన్సులు, వాటన్నిటికి కలిపి టోటల్ అనేది ఉంటాయి. మూడవది కౌంటరు, అనగా అసలు కొలత.

ఈ కౌంటర్ల విలువలను పెర్ఫార్మెన్స్ మానిటర్ స్వయంగా లెక్కించదు. ప్రతి ఆబ్జెక్టుకు ఒక డీఎల్ఎల్ ఫైలు ఉంటుంది. ప్రాసెసరు, మెమొరీలకు పెర్ఫ్‌ఓఎస్, నడుస్తున్న కార్యక్రమాలకు పెర్ఫ్‌ప్రాక్, డిస్కులకు పెర్ఫ్‌డిస్క్, నెట్‌వర్కు సేవలకు పెర్ఫ్‌నెట్ అనేవి ముఖ్యమైనవి. ఎస్‌క్యూఎల్ సర్వరు వంటి సాఫ్టువేర్లు తమ సొంత డీఎల్ఎల్‌లను చేర్చుకుంటాయి. ఉపకరణము అడిగినపుడు పెర్ఫ్‌లిబ్ అనే వ్యవస్థ ఈ ఫైళ్లను తెరచి విలువలను తెచ్చి ఇస్తుంది.

పేర్ల సంగతి ఇంకా విచిత్రము. ప్రతి ఆబ్జెక్టుకు, ప్రతి కౌంటరుకు ఒక సరిసంఖ్య కేటాయించబడి ఉంటుంది. 2 అంటే సిస్టమ్, 4 అంటే మెమొరీ, 6 అంటే ప్రాసెసరు సమయపు శాతము, 230 అంటే ప్రాసెస్, 234 అంటే ఫిజికల్ డిస్కు, 238 అంటే ప్రాసెసరు. వాటి వివరణ వాక్యాలకు బేసిసంఖ్యలు ఉంటాయి. ఈ సంఖ్యలకు, పేర్లకు గల సంబంధము రిజిస్ట్రీలోని పెర్ఫ్‌లిబ్ అనే తాళములో భాషల వారీగా కనిపిస్తుంది. ఆంగ్లానికి 009 అనే ఉపతాళము ఉన్నది. పెర్ఫ్‌సి009, పెర్ఫ్‌హెచ్009 అనే రెండు ఫైళ్లు ఈ పేర్లకు, వివరణలకు నిలయము. ఈ పట్టిక దెబ్బతింటే విలువలు ఉన్నా పేర్లు ఉండవు. పెర్ఫార్మెన్స్ మానిటర్ వ్యాధులలో సగానికి మూలము ఈ పట్టికయే అనవచ్చు.

కౌంటర్లు మాయమగుట

లక్షణాలు రకరకాలుగా ఉంటాయి. కౌంటర్లను చేర్చే పెట్టె తెరచినపుడు జాబితా ఖాళీగా ఉండవచ్చు. ప్రాసెసరు ఉండి డిస్కు లేకపోవచ్చు. పేర్ల స్థానంలో 238, 6 వంటి అంకెలే కనిపించవచ్చు. కొన్నిసార్లు ఉపకరణము తెరుచుకొనగానే కౌంటర్లను చేర్చలేకపోతున్నామని సందేశము వస్తుంది.

మొదట ఈవెంట్ వ్యూయరులోని అప్లికేషన్ పద్దును చూడవలెను. పెర్ఫ్‌లిబ్ పేరుతో 1008 సంఖ్య గల నమోదు ఉంటే, ఒక డీఎల్ఎల్ తెరుచుకొనుటలో విఫలమైనదని అర్థము. 1023 అయితే ఆ డీఎల్ఎల్‌ను లోనికి తీసుకొనుటే సాధ్యము కాలేదు. రెండిటిలోను ఆ సేవ యొక్క పేరు వ్రాసి ఉంటుంది. ఆ పేరే మొదటి ఆధారము. అది ఎప్పుడో తొలగించిన సాఫ్టువేరుది అయితే దాని గుర్తులు రిజిస్ట్రీలో మిగిలిపోయినవన్నమాట.

ఒక డీఎల్ఎల్ పదేపదే విఫలమైతే విండోస్ దానిని తానే పక్కన పెడుతుంది. రిజిస్ట్రీలో ఆ సేవకు చెందిన పెర్ఫార్మెన్స్ ఉపతాళములో డిజేబుల్ పెర్ఫార్మెన్స్ కౌంటర్స్ అనే విలువను 1గా వ్రాస్తుంది. తరువాత లోపము సరిదిద్దినా ఈ 1 అలాగే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుపోతారు. ఏ సేవలు ఆపివేయబడినవో చూచుటకు విస్టా మొదలు అన్ని విండోస్‌లలో ఎల్ఓడీసీటీఆర్ /క్యూ అనే ఆదేశము కలదు. అదే ఆదేశానికి /ఈ అని, రెండు చుక్కలు పెట్టి, సేవ పేరు చేర్చితే అది తిరిగి పనిచేయుట మొదలుపెడుతుంది. ఎక్స్‌పీ, విండోస్ 2000లలో ఇందుకు ఎక్స్‌సీటీఆర్ఎల్ఎస్టీ అను వేరొక చిన్న ఉపకరణము వాడేవారు.

ఒక్క సేవ కాక పట్టిక మొత్తము చెడినపుడు దానిని తిరిగి నిర్మించవలెను. స్టార్టు మెనూలో కమాండ్ ప్రాంప్టును వెదకి, దానిపై కుడి మీట నొక్కి, అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరవవలెను. మామూలుగా తెరచిన కిటికీలో ఈ పని జరగదు. అక్కడ సిస్టమ్32 ఫోల్డరులోనికి వెళ్లి ఎల్ఓడీసీటీఆర్ /ఆర్ అని టైపు చేయవలెను. ఇక్కడ ఆర్ పెద్ద అక్షరము. 64 బిట్ల విండోస్ అయితే సిస్‌వావ్64 ఫోల్డరులో కూడా ఇదే ఆదేశమును మరొకసారి ఇవ్వవలెను, ఎందుకనగా 32 బిట్ల కార్యక్రమాలకు కావలసిన కౌంటర్లు అక్కడి నుండి వస్తాయి.

మొదటిసారి ఈ ఆదేశమిచ్చినపుడు, భద్రపరచిన ప్రతి నుండి తిరిగి నిర్మించలేకపోయామని, దోషసంఖ్య 2 అని రావడము తరచుగా జరుగుతుంది. దీనిని చూసి నిరాశ పడి విండోస్ తిరిగి ఎక్కించుటకు పూనుకొనేవారు ఉన్నారు. అది అనవసరము. అదే ఆదేశమును రెండవసారి ఇచ్చినా, రెండవ ఫోల్డరు నుండి ఇచ్చినా సాధారణంగా పని పూర్తవుతుంది. తరువాత విన్‌ఎంజీఎంటీ /రీసింక్‌పెర్ఫ్ అని ఇవ్వవలెను. దీనితో డబ్ల్యూఎంఐ అనే సమాచార వ్యవస్థకు కొత్త పట్టిక అందుతుంది. చివరకు కంప్యూటరును ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించుట మంచిది.

గమనిక: పై పని చేయుటకు ముందు ఎల్ఓడీసీటీఆర్ /ఎస్ అని, రెండు చుక్కల తరువాత ఒక ఫైలు పేరు ఇచ్చి ప్రస్తుత అమరికను దాచుకొనవలెను. సర్వర్ల విషయంలో దీనిని మరువరాదు. తిరిగి నిర్మించినపుడు ఇతర సాఫ్టువేర్లు చేర్చుకున్న కౌంటర్లు కొన్ని పోయే అవకాశము ఉన్నది. అవి పోతే ఆయా సాఫ్టువేర్ల కౌంటరు ఫైళ్లను మరల నమోదు చేయవలసి వస్తుంది. రిజిస్ట్రీలోని పెర్ఫ్‌లిబ్ సంఖ్యలను చేతితో దిద్దుట అనుభవము లేనివారు చేయదగిన పని కాదు.

డిస్కు కౌంటర్లు మాత్రమే కనిపించకపోతే విండోస్ ఏ తరానిదో చూడవలెను. ఎన్‌టీ 4.0లో ఇవి మొదట నిలిపివేయబడి ఉండేవి. డిస్క్‌పెర్ఫ్ -వై అని ఇచ్చి కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తే తప్ప సున్నాలే కనిపించేవి. విండోస్ 2000లో ఫిజికల్ డిస్కు కౌంటర్లు పనిచేసేవి, లాజికల్ డిస్కువి పనిచేసేవి కావు. ఎక్స్‌పీ తరువాత ఈ బాధ తొలగినది. అయినను నేటికీ డిస్క్‌పెర్ఫ్ ఇవ్వమని సలహా చెప్పే పాత పుస్తకాలు కళాశాల గ్రంథాలయాలలో కనిపిస్తూ ఉంటాయి.

గీత కదలకపోవుట

ఇది లోపము కాకపోవచ్చు. కంట్రోలు మీటతో పాటు ఎఫ్ నొక్కితే గీత స్తంభించిపోతుంది. పొరపాటున నొక్కినవారు కార్యక్రమము బిగుసుకుపోయినదని భావిస్తారు. మరల అదే నొక్కితే కదులుతుంది.

రెండవ కారణము కొలమానము. నిలువు గీతపై 0 నుండి 100 వరకు ఉంటుంది. ఖాళీ మెమొరీ మెగాబైట్లలో 3000 ఉంటే గీత పైభాగాన అతుక్కుపోయి కనిపించదు. సెకనులో వెయ్యవ వంతులలో ఉండే డిస్కు ఆలస్యము అట్టడుగున అతుక్కుపోతుంది. రెండూ చదునుగా ఉండుటచే ఏమీ జరుగుట లేదని అనిపిస్తుంది. కౌంటరుపై కుడి మీట నొక్కి స్కేల్ సెలెక్టెడ్ కౌంటర్స్ ఎంచుకుంటే గీత కంటికి ఆనే స్థాయికి వస్తుంది. అయితే అప్పుడు గీతను చూసి విలువ చెప్పరాదు. క్రింద వ్రాసి ఉండే అంకెలనే చదువవలెను.

మూడవది, సెకనుకు ఇన్ని అని చెప్పే కౌంటర్లకు రెండు నమూనాలు కావలెను. మొదటి నమూనాకు ముందు ఏమీ లేనందున విలువ రాదు, లేదా సున్నా వస్తుంది. విండోస్ తనంతట తాను సెకనుకు ఒక నమూనా తీసుకుంటుంది. తెరపై 100 సెకన్ల చరిత్ర మాత్రమే నిలుస్తుంది. అరగంటకొకసారి వచ్చే ఇబ్బందిని ఆ 100 సెకన్లలో పట్టుకొనుట వేటగాడు కన్ను మూసుకొని వేటాడినట్లే.

ఉపకరణమే తెరుచుకొనకపోవుట

కిటికీ ఖాళీగా వచ్చినా, కన్సోలు తన భాగమును సృష్టించలేకపోయినదని సందేశము వచ్చినా విండోస్ ఫైళ్లలో ఏదో చెడినదని అనుకొనవచ్చు. ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ అనే ఆదేశము చెడిన ఫైళ్లను వెదకి సరిచేస్తుంది. విండోస్ 8 తరువాతి వాటిలో అది విఫలమైతే డిస్మ్ అనే ఉపకరణముతో ముందు మూల ప్రతిని బాగుచేసి తరువాత ఎస్ఎఫ్‌సీ నడపవలెను. తాత్కాలికంగా పని గడుచుటకు పెర్ఫ్‌మాన్ /ఆర్ఈఎస్ అని ఇచ్చి రిసోర్స్ మానిటరును వాడవచ్చు. తెర లేకుండా కేవలము అక్షరాలలో విలువలు చూపే టైప్‌పెర్ఫ్ ఆదేశము కూడా ఉన్నది. టైప్‌పెర్ఫ్ విలువలు ఇచ్చి కన్సోలు ఇవ్వకపోతే దోషము కౌంటర్లలో లేదు, తెరలో ఉన్నది. రెండూ ఇవ్వకపోతే దోషము కౌంటర్లలోనే. ఇంత సులభమైన పరీక్షను చాలా పుస్తకాలు ప్రస్తావించవు.

టైప్‌పెర్ఫ్ వాడునపుడు భాషను గమనించవలెను. కౌంటర్ల పేర్లు విండోస్ భాషను బట్టి మారవచ్చు. జర్మన్ విండోస్‌లో ప్రాసెసరును ప్రొజెస్సోర్ అంటారు. హైదరాబాదులో ఆంగ్ల పేర్లతో వ్రాసిన స్క్రిప్టును జర్మనీలోని కంప్యూటరుపై నడిపితే ఆ కౌంటరు లేదని జవాబు వస్తుంది. విస్టా నుండి, ఏ భాషా విండోస్‌లోనైనా ఆంగ్ల పేరునే అంగీకరించే సౌకర్యమును ప్రోగ్రామర్లకు కల్పించినారు.

పద్దులు నమోదు కాకపోవుట

గంటలు, రోజుల తరబడి వివరాలు సేకరించుటకు డేటా కలెక్టర్ సెట్లు ఉపయోగపడతాయి. ఇవి పెర్ఫార్మెన్స్ లాగ్స్ అండ్ అలర్ట్స్ అనే సేవపైన, టాస్క్ షెడ్యూలరుపైన ఆధారపడి ఉంటాయి. కంప్యూటరు వేగము పెంచుటకని సేవలన్నిటిని ఆపివేసే అలవాటు కొందరికి ఉన్నది. వాటితో పాటు ఇవి కూడా ఆగిపోతాయి.

అనుమతి లేదని సందేశము వస్తే వాడుకరి ఖాతాను చూడవలెను. తెరపై చూచుటకు మాత్రమైతే పెర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ అనే సమూహములో సభ్యత్వము చాలును. పద్దు వ్రాయుటకు పెర్ఫార్మెన్స్ లాగ్ యూజర్స్ సమూహములో ఉండవలెను, బ్యాచ్ పనిగా లోనికి ప్రవేశించే హక్కు కూడా ఆ సమూహానికి ఇవ్వవలెను.

పద్దులు మామూలుగా సీ డ్రైవులోని పెర్ఫ్‌లాగ్స్ ఫోల్డరులో చేరుతాయి. పరిమితి విధించకుండా నెలల తరబడి వదిలివేస్తే డ్రైవు నిండిపోతుంది. కంప్యూటరు ఎందుకు నెమ్మదించినదో తెలుసుకొనుటకు పెట్టిన పద్దే దానిని నెమ్మదింపజేయుట ఇందువలన జరుగుతుంది. నమూనా వ్యవధిని 15 సెకన్లకు పెంచి, గరిష్ఠ పరిమాణము నిర్ణయించి, పాతదానిపై కొత్తది వ్రాసే పద్ధతిని ఎంచుకుంటే ఇబ్బంది రాదు.

వేరొక కంప్యూటరును నెట్‌వర్కు ద్వారా చూడవలెనంటే అక్కడ రిమోట్ రిజిస్ట్రీ సేవ నడుస్తుండవలెను, ఫైర్‌వాల్ అడ్డు తొలగవలెను. విండోస్ 10లో ఆ సేవ మొదటి నుండి ఆపివేయబడి ఉంటుంది. పని ముగిసిన తరువాత మరల ఆపుట భద్రతకు మంచిది.

నంద్యాల ప్రాంతపు పరిస్థితులు

విండోస్ సహాయ పుస్తకాలు చల్లని గదిలో, నిలకడైన విద్యుత్తుతో నడిచే కంప్యూటరును దృష్టిలో పెట్టుకొని వ్రాయబడినవి. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది లోయలో ఉన్న నంద్యాలలో పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వేసవి ఉష్ణోగ్రతలు ఎక్కువగా నమోదయ్యే పట్టణాలలో ఇది ఒకటి. ఏప్రిల్, మే నెలలలో 43, 44 డిగ్రీల సెల్సియస్ ఎండ ఇక్కడివారికి క్రొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషను కార్యాలయాల కంప్యూటరీకరణ, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనవి. వీటితో కంప్యూటర్లు నగరాలు దాటి మండల కేంద్రాలకు, గ్రామాలకు చేరినవి. ధ్రువపత్రము కొరకు పల్లె నుండి బస్సెక్కి వచ్చిన రైతు, కంప్యూటరు నెమ్మదిగా ఉన్నదని రేపు రమ్మంటే, ఆ రోజు కూలిని, చార్జీని పోగొట్టుకుంటాడు. కాబట్టి ఈ ఉపకరణమును సరిగా చదువుట ఇక్కడ కేవలము సాంకేతికమైన ఆసక్తి కాదు.

వేడి విషయంలో గమనించవలసినది ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్ అనే ఆబ్జెక్టు. ప్రాసెసరు మితిమీరి వేడెక్కినపుడు తనను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకుంటుంది. అప్పుడు ప్రాసెసరు సమయము 100 శాతము చూపుతుంది, పని మాత్రము సాగదు. దానిని మాత్రమే చూసినవారు కంప్యూటరు పాతబడినదని తీర్మానిస్తారు. గరిష్ఠ పౌనఃపున్యములో శాతము, ప్రాసెసరు పనితీరు శాతము అనే కౌంటర్లను కూడా చేర్చి చూడవలెను. సమయము 100కు చేరి, ఈ రెండవ విలువలు 50, 60కి పడిపోతే వేగము ఎక్కడో బిగించబడినదని తెలుస్తుంది. వేడి కావచ్చు, పవర్ ప్లాన్ అమరిక కూడా కావచ్చు. ముందు అమరికను చూసి, తరువాత ఫ్యానును చూడవలెను. కంప్యూటరు ఖాళీగా ఉన్నపుడు విద్యుత్తు ఆదా కొరకు వేగము తగ్గుట సహజము. అందుచే భారముతో ఉన్నపుడు మాత్రమే ఈ పరీక్ష చెల్లుతుంది.

థర్మల్ జోన్ ఇన్ఫర్మేషన్ అనే ఆబ్జెక్టు కొన్ని కంప్యూటర్లలో ఉష్ణోగ్రతను కూడా ఇస్తుంది. అయితే అది కెల్విన్‌లలో ఉంటుంది. 318 అని చూసి కంగారు పడనవసరము లేదు. 273 తీసివేస్తే 45 డిగ్రీలు. కొన్ని మదర్‌బోర్డులు అసలు విలువ ఇవ్వక ఎప్పుడూ ఒకే అంకెను చూపుతాయి. ఉదయము, మధ్యాహ్నము, భారము ఉన్నపుడు, లేనపుడు ఒకే విలువ వస్తే దానిని నమ్మరాదు.

నంద్యాలకు దక్షిణాన గల ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి. రాయి చెక్కే చోటికి దగ్గరలోని జిరాక్స్, డీటీపీ దుకాణాల కంప్యూటర్లలో సన్నని రాతిపొడి ఫ్యాను రెక్కలకు, లోహపు పలకలకు పట్టే అవకాశము హెచ్చు. పైన చెప్పిన పరీక్షను శుభ్రము చేయుటకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి జరిపి రెండు పద్దులను పోల్చితే తేడా స్పష్టమవుతుంది. అంతకంటె చవకైన మరమ్మతు లేదు.

విద్యుత్ కోతలు రెండు విధాలుగా బాధిస్తాయి. మొదటిది, రిజిస్ట్రీ వ్రాయబడుతున్నపుడు కరెంటు పోతే కౌంటర్ల పట్టిక దెబ్బతినవచ్చు. కౌంటర్లు మాయమైన రోజునే సిస్టమ్ పద్దులో 6008 లేక కెర్నెల్ పవర్ 41 అనే నమోదు ఉన్నదేమో చూడవలెను. రెండూ అనుకోకుండా ఆగిపోయిన కంప్యూటరుకు గుర్తులు. తేదీలు కలిస్తే వైరస్ కొరకు వెదుకుట కంటె యూపీఎస్ బ్యాటరీని పరీక్షించుట మేలు. పట్టికను తిరిగి నిర్మించినా, బ్యాటరీ మార్చనిదే అదే కథ పునరావృతమవుతుంది.

రెండవది, వాడుకరి సృష్టించిన డేటా కలెక్టర్ సెట్టు కంప్యూటరు తిరిగి ప్రారంభమైనపుడు దానంతట అది మొదలుకాదు. సోమవారము పద్దు మొదలుపెట్టి శనివారము తెరచి చూస్తే సోమవారము మధ్యాహ్నపు కోత వరకే వివరాలు ఉంటాయి. టాస్క్ షెడ్యూలరులో, కంప్యూటరు ప్రారంభమైనపుడు ఆ సెట్టును నడపవలెనని ఒక పని చేర్చితే ఈ నష్టము తప్పుతుంది. కోత సమయాన తాత్కాలిక మెమొరీలో ఉన్న చివరి నమూనాలు మాత్రము ఎటూ పోతాయి.

తప్పుగా చదువబడే కౌంటర్లు

మెమొరీలోని పేజెస్ పర్ సెకండ్ అన్నిటికంటె ఎక్కువ అపార్థాలకు గురైన కౌంటరు. ఇది పెరగగానే మెమొరీ చాలదని చెప్పుట ఒక ఆచారముగా మారినది. మామూలు ఫైళ్లను మెమొరీలోనికి అనుసంధించి చదివినపుడు కూడా ఈ సంఖ్య పెరుగుతుంది. వైరస్ తనిఖీ నడిచినపుడు తప్పక పెరుగుతుంది. ఖాళీ మెమొరీ మెగాబైట్లు కూడా అదే సమయంలో అడుగంటితేనే మెమొరీ కొరత అనవలెను.

డిస్కు ఆలస్యము సెకన్లలో ఉంటుంది. 0.010 అంటే 10 మిల్లీసెకన్లు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కనుక ఆ స్థాయి సహజము. ఎక్కువసేపు 0.025 దాటి ఉంటే డిస్కు భారము మోయలేకున్నదని అర్థము. పెద్ద పనేమీ లేకుండానే అది 0.2, 0.5 వరకు పోతుంటే డిస్కు చెడిపోతున్నదేమో అనుమానించవలెను. ఆ సమయాన మరమ్మతు ప్రయత్నాలు మాని ముందుగా ఫైళ్లకు వేరొక చోట నకలు తీసుకొనవలెను. ఎస్‌ఎస్‌డీలలో ఈ విలువ సాధారణంగా 1 మిల్లీసెకను పరిసరాలలోనే ఉంటుంది.

ఒక కార్యక్రమము 250 శాతము ప్రాసెసరు వాడినట్లు కనిపిస్తే అది లోపము కాదు. ప్రాసెస్ ఆబ్జెక్టులో ఒక్కొక్క కోరుకు 100 చొప్పున లెక్క. నాలుగు కోర్లుంటే 400 వరకు పోవచ్చు. టాస్క్ మేనేజరులోని అంకె దీనితో కలవకపోవుట కూడా సహజమే. విండోస్ 8 నుండి టాస్క్ మేనేజరు ప్రాసెసరు మొత్తపు వాడకమును లెక్కించునపుడు వేగములోని హెచ్చుతగ్గులను కూడా కలుపుతుంది. దానితో పోల్చదలచినవారు ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్‌లోని ప్రాసెసర్ యుటిలిటీ కౌంటరును చూడవలెను. అది 100ను దాటుట కూడా కలదు.

ఒకే పేరుగల కార్యక్రమాలు అనేకము నడిచినపుడు ఎస్‌వీసీహోస్ట్, ఎస్‌వీసీహోస్ట్#1, ఎస్‌వీసీహోస్ట్#2 అని సంఖ్యలు చేరుతాయి. వీటిలో ఒకటి ముగిస్తే తరువాతివాటి సంఖ్యలు ముందుకు జరుగుతాయి. పద్దులో #2గా ఉదయము ఉన్నది, సాయంత్రము ఉన్నది ఒకటే అని చెప్పలేము. ప్రాసెస్ గుర్తింపు సంఖ్య అనే కౌంటరును కూడా పద్దులో చేర్చితే ఎవరు ఎవరో తేలుతుంది. విండోస్ 11లో ప్రాసెస్ వీ2 అనే ఆబ్జెక్టు పేరుతోనే ఆ సంఖ్యను జతచేసి చూపుతుంది.

పాత విండోస్‌ల స్థితి

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసినది. వాటిలో పెర్ఫార్మెన్స్ మానిటర్ ఇప్పటికీ పనిచేస్తుంది. కౌంటర్ల పట్టికను తిరిగి నిర్మించుటకు ఇంటర్నెట్ అవసరము లేదు. భద్రపరచిన ప్రతి హార్డ్ డిస్కులోనే ఉంటుంది కనుక నెట్ సదుపాయము లేని ప్రయోగశాలలలోని పాత కంప్యూటర్లపై కూడా పై పద్ధతులను విద్యార్థులు అభ్యాసము చేయవచ్చును.